ఓబులమ్మ గిలకొట్టిన వెన్న

అనగనగా, మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, శీతలపురం అనే రాజ్యం ఉండేది. ఆ ఏడు అక్కడ పట్టిన వాన పట్టినట్టే ఉంది. ఆ వానల్లో విషజ్వరం వచ్చింది. గుడిసెల్లోకి వచ్చినట్టే కోటలోకీ వచ్చింది. మహారాణిని తీసుకుపోయింది.

కోటలో పాలసాల చూసుకునే ఓబులమ్మ ఇంటికీ వచ్చింది. ఆమెకున్న ఒక్కగానొక్క కూతురిని తీసుకుపోయింది. దినాలు కాగానే ఓబులమ్మ మళ్ళీ వచ్చి కవ్వం పట్టుకుంది. ఆవులు దుఃఖం తీరేదాకా ఆగవు కదా.

రాణిగారికి హేమాంగి అని ఏడేళ్ళ కూతురు. తల్లి పోయిన నాటినుంచి ఆ పిల్ల ఏడవలేదు, మాట్లాడలేదు, ముద్ద మింగలేదు. బతిమాలి పాలు పట్టిస్తే రెండు గుక్కలు తాగి గోడవైపు తిరిగి పడుకునేది.

రాజవైద్యుడు నాడి చూసి తల వంచుకున్నాడు. "నా దగ్గర మందు లేదు మహారాజా. పాప తినాలి. ఇలాగే ఉంటే ఈ పక్షం దాటదు" అన్నాడు.

అప్పుడు దాసీలకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఏటా పాప పుట్టినరోజుకు రాణిగారు స్వయంగా తీపి రొట్టె చేసి, దానిమీద మల్లెపువ్వులాంటి తెల్లని వెన్నపూత పూసేవారు. ఆ పూత ఎలా చేసేవారో ఎవరికీ తెలియదు. రాజు వెంటనే చాటింపు వేయించాడు. ఆ పూత చేసి పాపచేత తినిపించినవారు ఏది కోరితే అది ఇస్తానన్నాడు.

మొదట కోట వంటశాల పెద్ద వచ్చాడు. రాణిగారి పద్ధతి తనకు తెలుసన్నాడు. చేతులతో తిప్పుతూ కూర్చోవడం దండగని, ఏటి ఒడ్డున నీటిచక్రానికి పెద్ద కవ్వం బిగించాడు. చక్రం గిర్రున తిరిగింది. ఆ వేగానికి వెన్న వేడెక్కి కరిగిపోయింది. చక్కెర అడుగుకు దిగింది, పైన నూనె తేలింది. పాప ఒక్కసారి చూసి కళ్ళు మూసుకుంది.

తరువాత ఒక మిఠాయి వర్తకుడు వచ్చాడు. అతడూ అదే మాట అన్నాడు. తెల్లగా, గట్టిగా నిలబడాలని వెన్నలో బియ్యప్పిండి కలిపాడు, పిండితోపాటు సుద్దపొడి కూడా కలిపాడు. చూడటానికి అచ్చం మంచుగడ్డలా ఉంది. పాప వేలితో కాస్త తీసి నాకింది. ఆ మధ్యాహ్నమంతా వాంతులు చేసుకుంది. వాంతులు తగ్గకముందే వర్తకుడు రాజ్యం దాటిపోయాడు.

మూడవరోజు పొద్దున్నే మంత్రి పాలసాలకు వచ్చాడు. వెన్న సంగతి నీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని అడిగాడు. తన బిడ్డకు అలాంటిదే చేసిపెట్టేదాన్నని, రాణిగారి చేతివంట మాత్రం తానెన్నడూ చూడలేదని ఓబులమ్మ చెప్పింది.

మంత్రి గొంతు తగ్గించాడు. "రాణిగారే నీకు నేర్పారని పాపతో చెప్పు. ఒక పసిప్రాణం కోసం చెప్పే అబద్ధం అది. పాపం అంటదు."

ఓబులమ్మ కవ్వం ఆపి ఆలోచించింది. ఆ పిల్ల అమ్మ రుచి కోసం నోరు తెరుస్తుంది. నాలుకకు వేరే రుచి తగులుతుంది. అప్పుడు ఆ పిల్లకు తల్లి రెండోసారి పోయినట్టే అవుతుందని అనిపించింది ఓబులమ్మకు. "అలా చెప్పలేను దొరా" అంది. మంత్రి కోపంగా వెళ్ళిపోయాడు.

ఓబులమ్మ వెన్నముద్ద, నూరిన చక్కెర, కాసిని చల్లని పాలు, ఒక రొట్టె, ఒక మట్టిమూకుడు, చెక్క తెడ్డు తీసుకుని పాప గదికి వెళ్ళింది. మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"తల్లీ, మీ అమ్మగారు చేసింది నేను చేయలేను. అది ఎవరూ చేయలేరు. నా బిడ్డకు చేసింది చేస్తాను. ఆ బిడ్డ కూడా మొన్న జ్వరంలోనే పోయింది."

పాప గోడవైపే ఉంది.

వెన్నను నిప్పు దగ్గర పెట్టలేదు ఓబులమ్మ. దానంతట అది మెత్తబడేదాకా ఆగింది. తరువాత తెడ్డుతో గిలకొట్టసాగింది. ఒకే వైపు, ఒకే తీరున. బయట వాన, లోపల తెడ్డు చప్పుడు. పసుపుపచ్చగా ఉన్న వెన్న లేతపసుపైంది. చక్కెరను పలుచని గుడ్డలో జల్లించి చారెడు చారెడుగా వేసింది. ఒక చారెడు కలిసిపోయాకనే మరో చారెడు. జబ్బలు లాగాయి. మణికట్టు పట్టేసింది. పోయిన తన కూతురే పక్కన కూర్చుని ఎప్పుడవుతుందని అడుగుతున్నట్టు ఉంది ఆమెకు. కళ్ళనీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా కొడుతూనే ఉంది.

చప్పుడు కాస్త ఆగింది. పాప ఇటు తిరిగింది.

"చెయ్యి నొప్పా?" అని అడిగింది. నెలరోజుల తరువాత ఆ పిల్ల నోట వచ్చిన మొదటి మాట అది.

"నొప్పే తల్లీ."

పాప మంచం దిగి తెడ్డు పట్టుకుంది. బలం లేని చేతులు. నాలుగు తిప్పులకే ఆయాసపడింది. ఓబులమ్మ ఆ చేతులమీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి తిప్పారు. చివర ఒక చెంచా చల్లని పాలు పోసి మళ్ళీ తిప్పారు. వెన్న తెల్లబడింది, తేలికై పొంగింది, తెడ్డు ఎత్తితే జారకుండా నిలిచింది.

పాప రొట్టెముక్క మీద రాసుకుని కొరికింది. మెల్లగా నమిలింది.

"అమ్మ చేసినట్టు లేదు" అంది.

"లేదు తల్లీ. ఉండదు."

పాప రొట్టెముక్కను పక్కన పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఇన్నాళ్ళూ ఏడవని ఏడుపంతా ఓబులమ్మ ఒడిలో ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అలసిపోయి, ఆ రొట్టెముక్క పూర్తిగా తింది.

రాజు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఏం కావాలో కోరుకోమన్నాడు. పాపను రోజూ కాసేపు పాలసాలకు పంపమని, ఏడుస్తుంటే ఎవరూ ఊరుకోబెట్టవద్దని ఓబులమ్మ కోరింది. ఇంకేమీ అడగలేదు.

రాణిగారు తిరిగి రాలేదు. ఓబులమ్మ బిడ్డా రాలేదు. వానలు వెలిశాక కూడా ఆ కోటలో నవ్వులు వినబడటానికి చాలాకాలం పట్టింది. అయినా హేమాంగి రోజుకింత తిని బతికింది. కొన్నాళ్ళు తెడ్డు తిప్పేది, కొన్నాళ్ళు ఊరికే ఓబులమ్మ పక్కన కూర్చునేది.

కాబట్టి పిల్లలూ, దుఃఖంలో ఉన్నవారికి తీయని అబద్ధం ఆకలి తీర్చదు. పక్కన కూర్చుని ఓపికగా చెప్పిన నిజమే వారిని నిలబెడుతుంది.