ఫ్యాన్‌కు చుట్టుకున్నది

వామనమూర్తి చాలాకాలంగా ఆశ్రమంలో తన గురువు కూర్మదాసుగారిని సన్యాస దీక్ష ఇమ్మని అడుగుతున్నాడు. అడిగినప్పుడల్లా ఆయన "చూద్దాంలే నాయనా" అనేవారు.

"ఇంకా ఏం చూడాలి స్వామీ?" అన్నాడొకరోజు వామనమూర్తి, కొంచెం పౌరుషంగానే. "ఆవిడ పోయాక ఇంట్లో ఏదీ ఉంచుకోలేదు. చీరలు ఇచ్చేశాను. ఫొటోలు ఏట్లో వదిలేశాను. గోడలకు సున్నం వేయించాను. నాలో ఇక ఏ బంధమూ లేదు."

ఆవిడంటే అతని భార్య.

కూర్మదాసుగారు మాట మార్చారు. "పోయిన వారం ప్రసంగం ఇంకా తేలేదేం?" అన్నారు.

గురువుగారి ప్రసంగాలను ఇంట్లో కంప్యూటర్‌లో టైపు చేసి ఆశ్రమానికి తెచ్చివ్వడం వామనమూర్తి పని. అతను తల దించుకున్నాడు.

"కంప్యూటర్ మొరాయిస్తోంది స్వామీ. నేను టైపు చేసి చేతులు తీసేశాక ఎప్పటికో అక్షరాలు కనిపిస్తున్నాయి. అక్కర్లేనివన్నీ తీసేశాను. వైరస్ ఉందేమోనని వెతికించాను. మొత్తం చెరిపేసి మళ్ళీ కొత్తగా ఎక్కించాను. అయినా అంతే."

"అంతేనా?"

వామనమూర్తి గొంతు తగ్గించాడు.

"చప్పుడొకటి వస్తోంది. పక్కగదిలో ఎవరో పెదవులు విప్పకుండా పాడుకుంటున్నట్టు. వెళ్ళి చెవి ఆనిస్తే ఉత్త ఫ్యాన్ చప్పుడే. ఇవతలికి వస్తే మళ్ళీ పాట."

"డబ్బా తెరిచి చూశావా?"

"లోపల ఏముంటుంది స్వామీ, దుమ్ము తప్ప?"

కూర్మదాసుగారు చేతికర్ర అందుకున్నారు. "పద."

మిట్టమధ్యాహ్నం. వంశధార ఒడ్డున వీధి చివర ఇల్లు. లోపల గోడలన్నీ తెల్లగా, బోసిగా ఉన్నాయి. ఒక్క మేకు కూడా లేదు. గురువుగారు వసారాలోనే ఆగి, తల కొంచెం పక్కకు వంచి విన్నారు.

"ఎవరు నాయనా, పాడుతున్నది?"

వామనమూర్తి గభాలున ఆయన వైపు తిరిగాడు. అది తనకొక్కడికే వినిపిస్తోందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు.

గదిలోకి వెళ్ళి, పొద్దుట్నుంచీ ఆడుతూనే ఉన్న కంప్యూటర్ స్విచ్ కట్టేశాడు. చప్పుడు ఒక్కసారిగా ఆగలేదు. ఊపిరి వదిలినట్టు మెల్లగా సన్నగిల్లి ఆగింది. డబ్బా ముట్టుకుంటే కాలిపోతోంది. మరలు విప్పి, పక్క రేకు తీశాడు.

లోపల బూడిదరంగు దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. దాన్ని తీస్తే ఫ్యాన్ కనిపించింది. దాని ఇరుసు చుట్టూ నల్లటి వెంట్రుకలు బిగుసుకుని ఉన్నాయి.

కొస పట్టుకుని లాగాడు. అది వస్తూనే ఉంది. చెయ్యి చాపినంత మేరా వచ్చి, ఇంకా వస్తోంది. దుమ్ములో ఇన్నాళ్ళున్నా మందారనూనె వాసన పోలేదు. వామనమూర్తి తల ఎప్పుడో నెరిసి బట్టతలైంది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆడమనిషి అడుగు పెట్టలేదు.

"స్వామీ," అన్నాడు. చేతిలోది ఎత్తి చూపాడు. మళ్ళీ అన్నాడు. "స్వామీ, ఈ కంప్యూటర్ నేను కొన్నది ఆవిడ పోయిన తర్వాత."

గురువుగారు కింద కూర్చుని, మిగిలిన దుమ్మును ఉత్తరీయం కొసతో తుడిచారు. రేకు తిరిగి పెట్టి, మరలు బిగించి, స్విచ్ వేయమని సైగ చేశారు.

తెర వెంటనే వెలిగింది. ఆయన ఒక వేలితో ఏదో అక్షరం నొక్కారు. వేలు తీయకముందే అది తెరమీదికొచ్చింది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

"బాగైంది," అన్నారు. "ఇక చేతిలోది పారేసిరా."

వామనమూర్తి పెరటి గుమ్మం దాటి గోడ దాకా వెళ్ళాడు. గోడవతల ఏటి గాలి గట్టిగా వీస్తోంది. వదిలేస్తే చాలు, ఎగిరిపోతుంది. చెయ్యి గోడమీదుగా చాపి నిలబడ్డాడు. చాలాసేపు అలాగే నిలబడ్డాడు.

తిరిగి వచ్చేసరికి గురువుగారు గుమ్మంలో కూర్చుని ఉన్నారు. వామనమూర్తి పిడికిలి బిగిసే ఉంది.

"రావడం లేదు స్వామీ."

"ఏమిటి?"

"చెయ్యి."

గురువుగారు ఆ పిడికిలి వైపు చూశారు. "ఆవిడ పేరేమిటి నాయనా? నువ్వెప్పుడూ చెప్పలేదు."

వామనమూర్తి పెదవులు కదిలాయి. గుమ్మం పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు.

"హైమ," అన్నాడు. "హైమవతి."

ఆ తర్వాత అతను ఏడ్చాడు. ఆవిడ పోయిన రోజున కూడా అలా ఏడవలేదు. కూర్మదాసుగారు పక్కనే కూర్చుని ఉన్నారు. ఓదార్చలేదు, లేవలేదు. ఎండ పెరటి గోడ దిగిపోయింది.

చివరికి ఆయన కర్ర అందుకున్నారు.

"ఇప్పుడు అడుగు నాయనా, దీక్ష."

వామనమూర్తి దీక్ష అడగలేదు. పిడికిలి విప్పనూ లేదు.