ఉంగరానికి దారం, ఇరుసుకి కందెన

వెనకటికి ఒక సంస్థానంలో రాజమాతకు ఒక పాత గూడుబండి ఉండేది. దాన్ని తోలేవాడు పైడయ్య. ఆ పొద్దున ఆవిడ పుట్టింటికి ప్రయాణం కట్టారు. పైడయ్యకు మాత్రం కాలు ఒకచోట నిలవడం లేదు.

కారణం ముసలి దివాను. "రాజమాత బండికి నల్లటి కందెనా? సిగ్గుచేటు! యువరాజావారి కొత్త రథానికి పోసే పలచటి నువ్వులనూనే పొయ్యి," అని కందెన కుండను కొట్లో పెట్టించి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

పాత ఇరుసు అరిగిపోయింది. పోసిన నూనె పోసినట్టే కారిపోతోంది. దారిలో ఇరుసు కాలితే కొరడా దెబ్బలు తినేది దివాను కాదు.

"బాబయ్యా, అరిగినదానికి చిక్కటి కందెన ఉంటేనే..."

"కొత్తదానికి లేనిది పాతదానికెందుకురా?" దివాను వేలు ఆడించాడు. వయసుతో సన్నబడ్డ ఆ వేలికి రాజముద్ర ఉంగరం, జారిపోకుండా దానికి చుట్టిన దారం.

"మరి యువరాజావారి ఉంగరానికి లేని దారం తమరికెందుకు బాబయ్యా?"

దివాను ముఖం కందగడ్డ చేసుకున్నాడు. దారం పీకి పారేసి, "నూనె పొయ్యరా!" అని చెయ్యి విసిరాడు. ఉంగరం ఎగిరి ఎద్దుల కాళ్ల మధ్య పడింది.

అంతలో రాజమాత వస్తున్నట్టు బూరలు మోగాయి. దివాను పేడలో దేవులాడి ఉంగరం తొడిగాడు. జారింది. మళ్లీ తొడిగాడు. మళ్లీ జారింది.

"ఒరే, ఆ దారం ఏదిరా?"

"నా దగ్గరే ఉంది బాబయ్యా," అన్నాడు పైడయ్య. "కొట్టు తాళంచెవి తమ దగ్గరుంది."