పనులపలకా, చుక్క సంగతీ

"చీమా చీమా, ఎక్కడికమ్మా?
చెట్టవతలికి, గింజల కోసం.
గింజలు తెచ్చి ఏం చేస్తావే?..."

ఆ తర్వాత ఏముందో ముళ్ళపంది అవ్వకి గుర్తు లేదు. చిన్నప్పటి పాట. అప్పట్లో ఎవరూ రాసిపెట్టలేదు మరి. అందుకని అక్కడిదాకా పాడి, "ఊఁ ఊఁ" అని గొణిగి, మళ్ళీ మొదటికొచ్చేది.

అనగనగా పిల్లలూ, వెదురుకోన అనే అడవిలో ఉండేది ఈ అవ్వ. పేరు సూరమ్మ. వయసు మళ్ళాక అక్షరాలు నేర్చుకుంది. తన ముల్లే తనకి కలం.

ఆ అడవిలో ఒక పనులపలక ఉంది. కొండముచ్చు కోటయ్య చేశాడు దాన్ని. పలక మీద ఒక్కో పనికి మూడు గళ్ళు. ఏం పని? ఎవరు చెయ్యాలి? ఎంతదాకా వచ్చింది? ఏదైనా మారితే, మూడు గళ్ళు గీసిన ఆకు మీద రాసి పలక సందులో దూర్చాలి. పలక దానంతటదే మారిపోతుంది.

ఒక్కటే మెలిక. మార్చక్కర్లేని గడిలో చుక్క పెట్టాలి. ఖాళీగా వదిలేస్తే, పలక మీద ఆ గడిలో ఉన్నది కాస్తా తుడుచుకుపోతుంది. అడవిలో అందరికీ అది అలవాటే. ఎవరూ పైకి చెప్పుకునేవాళ్ళు కాదు.

ఆ ఏడు అడవికి మరపిట్టలొచ్చాయి. కీ తిప్పితే ఎగిరే ఇత్తడి పిట్టలు. అలుపన్నది ఎరగవు. రాసింది రాసినట్టు చేస్తాయి. కాకపోతే, తెల్లారేసరికి నిన్నటి సంగతి ఒక్కటీ గుర్తుండదు. అందుకని పొద్దున్నే అవి చదువుకోడానికి ఒక ఆకు రాసిపెట్టాలనుకున్నారు.

"రాయి అత్తా, నే చెప్తా" అన్నాడు కోటయ్య. "'ఈ పలక పనులను మారుస్తుంది.' అంతే."

"అంతేనా? చుక్క సంగతో నాయనా?"

కోటయ్య పకపకా నవ్వాడు. "చుక్క సంగతి తెలియనిదెవరికి? నిన్నగాక మొన్న అక్షరాలు దిద్దావు, నాకు చెప్తావా?"

అవ్వకి సిగ్గేసింది. కోటయ్య చెప్పిన ఆ ఒక్క ముక్కే రాసి, ముల్లు పక్కన పెట్టేసింది.

మొదటిరోజు ఒక మరపిట్ట ఎలుగు మామ ఇంటికప్పు సగం నేసింది. ఆకు మీద "సగం" అని ఒక్క గడి నింపి దూర్చింది. మిగతా రెండు గళ్ళూ తుడుచుకుపోయాయి. పలక మీద "సగం" ఒక్కటే మిగిలింది.

"ఏంటి మామా సగం? నీ తిండా, నిద్రా?" అని కోతులు ఆటపట్టించాయి.

రెండోరోజు నెమలి ఆడుకునే చోటు చదును చెయ్యాలి. సాయంత్రానికి పలక మీద "ముప్పావు" అని మాత్రమే ఉంది.

"ముప్పావు నెమలమ్మా, మిగతా పావు ఎక్కడే?" అని మళ్ళీ నవ్వులు.

"పోన్లే, నాలుగు రోజులు పోతే అవే నేర్చుకుంటాయి" అన్నాడు కోటయ్య, పలక సరిచేస్తూ. తెల్లారితే మరిచిపోయే పిట్టలు ఎలా నేర్చుకుంటాయి? అవ్వకి నోటిదాకా వచ్చింది. మింగేసింది.

మూడోరోజు వాగుకి గట్టు కట్టే పని. ఆ ఒడ్డునే కుందేలు చిట్టెమ్మ బొరియ. అందులో నాలుగు పసికూనలు, ఇంకా కళ్ళు తెరవనివి. పిట్ట గట్టు సగం కట్టి, "సగం" అని రాసి ఎగిరిపోయింది.

మర్నాడు పిట్టలన్నీ పలక చూశాయి. కోటయ్య ఇంకా పలక సరిచెయ్యలేదు, గట్టు అన్న మాటే లేదు. మాట లేకపోతే పని లేదు. కొమ్మ మీద వరసగా కూర్చున్నాయి.

పడమటి కొండ మీద మబ్బు కమ్ముకొచ్చింది. చిట్టెమ్మ రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా! గట్టు ఎవరూ కట్టడం లేదే! నలుగురు పిల్లల్ని ఒక్కసారి ఎలా మొయ్యను?"

"ఈ ఇత్తడి బుర్రలకి బుద్ధి లేదు, వాగులో పారేయండి!" అని అరిచాడు కోటయ్య.

ఈసారి అవ్వ ఊరుకోలేదు.

"బుద్ధి లేక కాదు నాయనా. మనం చెప్పక. నేను చదువుకునేటప్పుడు ఎడమ నుంచి చదవాలని ఎవరూ చెప్పలేదు. నెల్లాళ్ళు కుడి నుంచి చదివాను. నా పేరు 'మ్మరసూ' అనుకున్నాను! అందరూ నన్ను చూసే నవ్వారు. చెప్పనివాళ్ళని చూసి ఒక్కరూ నవ్వలేదు."

కోటయ్య తోక ముడుచుకుని కూర్చున్నాడు. అవ్వ పటుక్కున ముల్లు పీకి, కొత్త ఆకు తీసి, "మారని గడిలో చుక్క పెట్టు" అని రాసింది. ఒక మరపిట్టని పిలిచి చదవమంది.

"పెట్టకపోతే ఏమవుతుందవ్వా?"

"అడిగావూ, బంగారు తల్లీ!" అంటూ "పెట్టకపోతే పాతది పోతుంది" అని చేర్చింది.

"పెద్ద చుక్కా, చిన్న చుక్కా?"

కోటయ్యకి నవ్వొచ్చింది. అవ్వ నవ్వలేదు. "ఎంతదైనా సరే" అని రాసి, పక్కన ఒక చుక్క పెట్టి చూపించింది.

"అయిపోయిందని ఎప్పుడు రాయాలి?"

"పని ముగించి, నీ కళ్ళతో చూసుకున్నాక."

కోటయ్య గట్టు పనిని మళ్ళీ పలక మీదికెక్కించాడు. పిట్టలు ఆకు చదివి లేచాయి. ఒకటి దిగితే ఇంకొకటి, ఆగిన చోటి నుంచి అందుకుంది. ముప్పావు అయింది. మిగతా రెండు గళ్ళలో చుక్కలు పెట్టి దూర్చాయి, పలక మీద ఏదీ చెరగలేదు. మొదటి చినుకు పడేసరికి చివరి రాయి పడింది. వాగు పొంగింది, గట్టుని తన్నింది, పక్కకి తిరిగిపోయింది. బొరియలో కూనలు నిద్ర లేవనైనా లేవలేదు.

ఆ సాయంత్రం అవ్వ తన పాట కూడా ఒక ఆకు మీద రాసుకుంది. గుర్తులేని చరణం దగ్గర కాసేపు ఆలోచించి, ఒక చుక్క పెట్టింది.

పొద్దున్నే ఒక మరపిట్ట వచ్చింది. అవ్వ ఎవరో దానికి గుర్తు లేదు. ముందు పనుల ఆకు చదివింది, తర్వాత పాట ఆకు చదివింది. చివర్న ఆగి, తల ఒక పక్కకి వంచి అడిగింది.

"ఇక్కడ చుక్క ఉందిగా అవ్వా? అయితే నీ పాట ఎక్కడికీ పోలేదన్నమాట!"

నీతి: మనకి తెలిసిందల్లా ఎదుటివాళ్ళకీ తెలుసనుకోకూడదు, తెలియనివాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు అడిగేది విని, విడమరిచి చెప్పాలి.