అవ్వ ఇంటి వెలుగుకు పద్దెనిమిది పూలు

అనగనగా, ఎలుగుబంట్లు రాజ్యాలేలే రోజుల్లో, గుమ్మడికొండ అని ఒక కొండ ఉండేది. ఆ కొండ కింద బొరియలే ఇళ్ళు. పట్టపగలు కూడా లోపల కటిక చీకటి. అందుకని మూడు మిణుగురు దండ్లు ఇంటింటికీ వెలుగు అమ్మేవి. వెలుగుకు బదులు తేనె ఉన్న పూలు తీసుకునేవి.

ఆ కొండలో చెంగమ్మ అనే ఏదుపంది అవ్వ ఉండేది. అడవికంతటికీ మందులు నూరేది ఆమే. ఆమె ఏరే వేళ్ళలో ఒకటి మందయితే, అచ్చం అలాగే ఉండే ఇంకొకటి విషం. వెలుగు లేకపోతే తేడా తెలియదు. పాపం, కొన్నాళ్ళుగా అవ్వ మందు నూరడం మానేసింది. కుందేలు పిల్లలు దగ్గుతో అల్లాడిపోతున్నాయి.

భల్లూకరాజు చుంచెలుక నూకాలును పిలిచాడు. "అవ్వ వెలుగు కొనలేకపోతోందట. ధరల సంగతి చూసి రా" అన్నాడు.

నూకాలు అంగడికి వెళ్ళింది. "రోజుకు పది పూలు!" అని ఒక దండు అరుస్తోంది. "మాకు తొమ్మిదే!" అంది రెండోది. "మాకు ఎనిమిదే, పైగా కొసరు వెలుగు!" అన్నాడు మూడో దండు పెద్ద తళుకయ్య. నూకాలు పరుగున వచ్చింది. "పోటీ బ్రహ్మాండంగా ఉంది ప్రభూ!"

"మరి అవ్వ మందెందుకు నూరడం లేదు? మళ్ళీ వెళ్ళు."

ఈసారి నూకాలు కొత్త బొరియ తవ్వుకుని, కొత్తగా కాపురానికొచ్చినట్టు కూర్చుంది. మూడు దండ్లూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "రా అక్కా, మా వెలుగు చూడు! నీకైతే ఏడే!" నూకాలు మురిసిపోయి రాజుకు చెప్పింది.

రాజు నవ్వాడు. "నువ్వు కొత్తదానివి కదమ్మా, నీకు మర్యాదలు చేస్తారు. పాతవాళ్ళ ఇళ్ళకు వెళ్ళావా?"

నూకాలు నాలుక కరుచుకుంది. మూడోసారి బొరియ బొరియకూ తిరిగింది. చివరికి అవ్వ ఇంటికి వచ్చింది. అవ్వ ఒక వేరును ముక్కుకు ఆనించుకుని చూస్తోంది.

"వెలుగుకు ఎంతిస్తున్నావవ్వా?"

"తళుకయ్యకు పద్దెనిమిది, తల్లీ. రోజూ అన్ని పూలు నా వల్ల కావడం లేదు. అందుకే పూటకు కాసేపే వెలిగించుకుంటున్నాను."

"అంగట్లో ఎనిమిదే కదా! తళుకయ్యను ఎప్పుడూ అడగలేదా?"

"ఇన్నేళ్ళుగా ఇంటికొచ్చే మనిషి. ధర అడిగితే మనసు నొచ్చుకోడూ?"

నూకాలు వెళ్ళి ఆ సంగతి చెప్పగానే, రాజు మూడు దండ్ల పెద్దలనూ, అవ్వనూ కొలువుకు పిలిపించాడు.

కొలువులో తళుకయ్య చేతులు నలుపుకున్నాడు. "ప్రభూ, కొత్తవాళ్ళను రప్పించాలంటే తగ్గించాలి. పాతవాళ్ళు ఎలాగూ ఎక్కడికీ పోరు. ఆ తగ్గించింది వాళ్ళ దగ్గర రాబట్టుకుంటాం." మిగతా ఇద్దరు పెద్దలూ నేల చూపులు చూశారు. వాళ్ళు చేసేదీ అదే మరి!

"ముగ్గురూ కొండ దిగి పొండి!" అని రాజు గర్జించాడు.

అవ్వ అడ్డం వచ్చింది. "వద్దు నాయనా. వీళ్ళు పోతే ఊరంతా చీకటే. వరదొచ్చిన ఏడాది రెక్కలు తడిసినా మా ఇంటికి వెలుగు తెచ్చాడు ఈ తళుకయ్య. అది మరిచిపోలేకే నేను ధర అడగలేదు."

తళుకయ్య సిగ్గుతో వెలవెలబోయాడు. నమ్మినందుకే అవ్వకు జరిమానా వేసినట్టయింది కదా!

అప్పుడు రాజు తీర్పు చెప్పాడు. "ఏ దండైనా సరే, పాతవారికీ కొత్తవారికీ ఒకటే ధర చెప్పాలి. నెలకొకసారి నూకాలు ఇంటింటికీ వెళ్ళి, ఎవరెంత ఇస్తున్నారో అడగాలి. ఏ దండు దగ్గర తక్కువకు దొరుకుతుందో చెప్పాలి."

మర్నాడు తళుకయ్య గుమ్మంలో నిలబడ్డాడు. అవ్వ గొంతు సవరించుకుంది.

"నాయనా, నీ ధరెంత?"

"ఎనిమిదవ్వా, అందరికీ అంతే" అన్నాడు తళుకయ్య, తల వంచుకుని.

"అయితే లోపలికి రా."

ఆ రోజంతా అవ్వ ఇంట్లో నూరుడు రాయి ఆగలేదు. కుందేలు పిల్లల దగ్గు తగ్గింది.

కాబట్టి పిల్లలూ, అడగడానికి మొహమాటపడేవారి దగ్గర ఎక్కువ గుంజడం వ్యాపారం కాదు. ధర న్యాయమో కాదో తెలియాలంటే అంగట్లో కేకలు వింటే చాలదు, అడగలేనివారి ఇంటికి వెళ్ళి అడగాలి.