గడియ ఎటువైపు?

ఇప్పపూలు రాలే కాలం వచ్చిందంటే ఆ అడవిలో ఎవరికీ కుదురుండదు. పొద్దు వాలితే చాలు, పులిసిన పూల వాసన గాలికెక్కుతుంది. ఎలుగుబంటి కాళ్ళు ఒకచోట నిలవవు. అటు పోతుంది, ఇటు వస్తుంది, ఆఖరికి నక్క దగ్గరికే చేరుతుంది. నక్క రాతిగుంటలో పూలు నానేసి ఉంచేది. ఎలుగు దానికో తేనెపట్టు ఇచ్చి, గుంటలో మూతి ముంచి తాగి, తూలుకుంటూ వచ్చేది. మొన్న అలా వస్తూ కౌజుపిట్ట గూడు తొక్కేసింది. గుడ్లన్నీ పోయాయి.

పెద్ద తలకాయ అడవిదున్న అందరినీ పిలిచింది. "ఇంకొక్కసారి ఇలా జరిగితే నువ్వు కొండ దాటి పోవాల్సిందే."

ఎలుగు తలెత్తలేదు. "ఎక్కడికి పోను పెదనాన్నా? పుట్టింది ఇక్కడే కదా. మానాలనే ఉంది. సాయంత్రమైతే నా కాళ్ళు నా మాట వినవు."

"సాయంత్రాలు కదలకుండా ఉండటానికి అన్నకో ఇల్లు కట్టిపెడదాం," అంది కౌజు.

గూడు పోయిన కౌజే ఆ మాట అనేసరికి అందరూ నోళ్ళు తెరిచారు.

"జాలీ గీలీ ఏం కాదు. వచ్చే ఏడు కూడా నేను గుడ్లు పెట్టుకోవాలిగా!"

నక్క ముందుకు దూకింది. "ఇంటి సంగతి నాకొదిలేయండి. కిటికీలు వద్దు. గోడలు గట్టిగా ఉండాలి. గడియ బయటికి. తీసి వేసే పని, పోనీలే, నేనే చూసుకుంటా."

గడియ తన చేతిలో ఉంటే పూలు లోపలికి, తేనె బయటికి. అదీ నక్క ఆలోచన.

దున్న మొద్దులు మోసింది. ఇల్లు లేచింది. ఎలుగు లోపలికి తొంగి చూసి వెనక్కి జరిగింది. "ఇందులో పెడితే గోడ బద్దలు కొడతాను. నా సంగతి నాకు తెలుసు."

"తాగుబోతు మాటేంటి మధ్యలో!" నక్క కసిరింది. "మెత్తగా గడ్డి పరిచాను, ఇంకేం కావాలి?"

కౌజు మెడ వంచి నక్కను చూసింది. దాని మూతికి తేనె అంటి ఉంది.

"మావయ్యా, ఒక్కసారి నువ్వు పడుకుని చూపించు. అన్నకి ధైర్యం వస్తుంది."

నక్క దర్జాగా లోపలికి పోయి కాళ్ళు చాపింది. కౌజు సైగ చేసింది. దున్న తలుపు మూసి కొమ్ముతో గడియ వేసేసింది.

మొదట నక్క నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. లోపల గుండ్రంగా తిరుగుతున్న చప్పుడు.

"తీయండర్రా! గాలాడటం లేదు! ఒక్క కిటికీ అయినా పెట్టకూడదా? నాలుగడుగులు వేయడానికి చోటేదీ? బయట ఎవరన్నా ఉన్నారా? ఒక్క మాట పలకండి! అసలు గడియ బయట పెట్టిన వెధవ ఎవడు?"

"నువ్వే మావయ్యా," అని కౌజు ఎలుగు వైపు తిరిగింది. "ఇంకేమన్నా కావాలా అన్నా?"

ఎలుగు ఆలోచించింది. "అదడిగినవన్నీ నాకూ కావాలి. కిటికీ మాత్రం వాగు వైపు పెట్టండి. ఇప్పచెట్ల గాలి అటు రాదు."

నక్కను వదిలేసి, ఇల్లు విప్పి మళ్ళీ కట్టారు. తిరగడానికి పొడుగాటి వసారా వేశారు. గోడ అవతల దున్న పక్క వేసుకుంది.

ఆ సాయంత్రం గాలి లేచింది. ఎలుగు వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

"ఉన్నావా?" అంది దున్న.

"ఉన్నా పెదనాన్నా."

చాలాసేపు తిరిగి, లోపలికెళ్ళి తలుపేసుకుంది.

నక్క ఆకుదొప్పలో పూలు పట్టుకుని పిల్లిలా వచ్చింది. "అల్లుడూ, నేనే," అంటూ గడియ కోసం తలుపంతా తడిమింది. పైన లేదు, కింద లేదు. ఈసారి గడియ లోపలి వైపుంది.

అవతల గోడ దగ్గర దున్న లేచి నిలబడిన చప్పుడైంది. నక్క దొప్ప అక్కడే పారేసి పొదల్లో పడి పరుగెత్తింది.

ఎవరికి ఇల్లు కడుతున్నామో వాళ్ళనే అడిగి కట్టాలి, గడియ వాళ్ళ చేతికే ఇవ్వాలి.