మసిగాడికి ఏమయింది?

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున సన్యాసమ్మ అనే ఆవిడ అడ్డాకులు ఏరుకొచ్చి, విస్తళ్ళు కుట్టి అమ్ముకునేది. ఆవిడకి మసిగాడని ఒక నల్ల గండుపిల్లి ఉండేవాడు. ఏడేళ్ళలో ఒక్కనాడూ ఇల్లు పాడుచేసి ఎరగడు. ఉచ్చ వస్తే బుద్ధిగా పెరట్లో బూడిదగుంటకే పోయేవాడు.

అలాంటివాడు ఒక సోమవారం పొద్దున్నే, పెళ్ళివారికని కుట్టిన విస్తళ్ళ కట్ట ఎక్కి ఉచ్చ పోశాడర్రా!

“ఓరి నీ దుంపతెగ! వంద విస్తళ్ళురా! పుల్లలు గుచ్చుకుని నా వేళ్ళు చూడు ఎలా ఉన్నాయో!” అని సన్యాసమ్మ లబోదిబోమంది. చీపురు తీసుకుని తరిమింది.

గుమ్మంలో కుక్క తల ఎగరేసింది. “నాకు తెలుసులే అమ్మా. ఈ ఇల్లు తనదని గుర్తులు పెడుతున్నాడు. నేను రోజూ కంచె గుంజలకి చేసే పనే కదా!” అంది.

మంగళవారం ఉతికి ఆరేసిన చీర పాడుచేశాడు. మళ్ళీ చీపురు లేచింది.

“గుడ్డు పెట్టబోతున్నాడమ్మా” అంది కోడిపెట్ట. “మూలమూలా వెతుక్కుని ముక్కడం నాకు తెలీదా?”

“గండుపిల్లికి గుడ్డేంటే, నీ మొహం!” అని సన్యాసమ్మ కసిరింది.

బుధవారం ఏకంగా బియ్యం చేటలోనే కూర్చున్నాడు. పోసింది నాలుగు చుక్కలు, పెట్టింది ఊరంతా వినిపించే కేక.

“మేత చాలట్లేదు. ఆకలేస్తే నేనూ ఇలాగే చిందులేస్తాను” అంది మేక.

సరే చూద్దామని సన్యాసమ్మ చేపముక్క పెట్టింది. మసిగాడు మూతి తిప్పుకున్నాడు.

“చూశారా వీడి అలక! నా మీద పగరా నీకు? నాకు కోపమొస్తే నేనూ గిన్నెలు విసిరికొడతాను. నాకు తెలీదనుకున్నావా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా? ఇక నా వల్ల కాదు తల్లో! వాగు అవతల వదిలేస్తాను, పీడా పోతుంది!” అని గోనెసంచి తెచ్చింది.

మామూలుగా అయితే మసిగాడు సంచిని చూస్తే చేతులు రక్కేసేవాడు. ఇవాళ ఎత్తుకుంటే ఊరికే ఉండిపోయాడు. పొట్ట రాయిలా గట్టిగా తగిలింది. సన్యాసమ్మ గోనెసంచి పక్కన పడేసింది.

“ఏమయిందిరా నాన్నా?” అని అడిగింది.

“ఉచ్చ రావట్లేదమ్మా. ఒకటే మంట. ఎక్కడ కూర్చున్నా నొప్పే. అందుకే చోటు మార్చి మార్చి చూశాను.”

“ఆ ముక్క చెప్పి ఏడవొచ్చు కదరా!”

“చెబుదామని నీ దగ్గరికి వచ్చిన ప్రతిసారీ చీపురు ఎదురొచ్చింది.”

సన్యాసమ్మ మసిగాణ్ణి కొంగులో చుట్టుకుని, పక్క ఊళ్ళో పశువుల డాక్టరు దగ్గరికి చెప్పులైనా లేకుండా పరిగెత్తింది. డాక్టరు సన్నటి గొట్టం వేసి ఉచ్చ తీశాడు. మసిగాడు ‘హమ్మయ్య’ అని కళ్ళు మూసుకున్నాడు.

“రేపటిదాకా ఆగితే దక్కేవాడు కాదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా ఉన్నాడు?” అన్నాడు డాక్టరు.

“మూడు రోజులు బాబూ.”

“మూడు రోజులూ ఏం చేశారమ్మా?”

సన్యాసమ్మ తల దించుకుంది.

“తిట్టాను బాబూ” అంది.

నీతి: ఎప్పుడూ లేనిది ఎవరైనా ఉన్నట్టుండి వింతగా చేస్తే, మనకు తోచిన కారణం అంటగట్టకూడదు. ముందు ‘ఏమయింది?’ అని అడగాలి.