నీళ్లు మింగిన ఎరుపు

రాణిగారి కెంపు పడవలోంచి సముద్రంలో జారిపడింది. శంఖాల కోసం మునిగే నూకాలు ఎంత వెతికినా, అడుగున అన్నీ నల్లరాళ్లే కనిపిస్తున్నాయంది.

"ఎర్రటి కెంపుకీ నల్లరాయికీ తేడా తెలీదా? నువ్వే కాజేశావు!" అన్నాడు మంత్రి.

నూకాలు ఆయన ఎర్ర శాలువా అడిగి తీసుకుని, రాయి కట్టి తాడుతో పడవ పక్కన దించింది. లోతుకి పోయేకొద్దీ అది మసకబారి, చివరికి నల్లబడింది. పైకి లాగితే మళ్లీ ఎరుపే.

"ఈ ఎరుపు కూడా నేనే కాజేశానా బాబుగారూ?"

రాజు నవ్వి, "ఇది నీకెవరు నేర్పారు?" అన్నాడు.

"నాకెవరున్నారు మారాజా! నన్ను కట్టుకున్న మావ ఎర్ర తలపాగాతోనే మునిగిపోయాడు. ఏళ్లతరబడి ఎరుపు కోసమే నీళ్లలోకి చూశాను. నల్లగా కనిపించిన చోటల్లా దాటి వచ్చేశాను."